వెనక గదిలో నాలుగు మగ్గాలు

ఇల్లు కొనబోయే పిల్లలు ఇప్పటికీ టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుని అడుగుతుంటారు. శ్లాబు కారుతుందా లేదా ఎట్లా కనుక్కోవాలి? చెదలు పట్టిన వాసకాలును, అంటే ద్వారబంధాన్ని, ఎట్లా గుర్తుపట్టాలి? నాకు తెలిసింది చెబుతాను. వాన కురిసిన మర్నాడు వెళ్ళి చూడమంటాను. ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడకే కొత్త సున్నం కొట్టి ఉంటే, ఆ గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడమంటాను. మరుగుదొడ్డి గుంట ఎక్కడుంది, బోరు ఎక్కడుంది, రెంటికీ మధ్య ఎంత దూరమో అడుగులు వేసి చూసుకోమంటాను. టౌనులో కాక ఊరి అంచున, తోపుల మధ్య కొనేవాళ్ళకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే ఒక టీ సరిపోదు. అందుకే రాస్తున్నాను.

తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో ఒక ఇంజనీరు ఆఫీసులో నేను ముప్పై ఏళ్ళు పనిచేశాను. అందరూ ఓవర్సీర్ అనేవారు కానీ ఆ చదువు నాకు లేదు. పదో తరగతి తర్వాత ఆయన కట్టించే ఇళ్ళ దగ్గర సిమెంటు తట్టలు మోయడానికి చేరాను. సాయంత్రం పని వదిలాక ఒళ్ళు కడుక్కుని, చొక్కా మార్చుకుని లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. మట్టి గురించి, పునాదుల గురించి, గోడల పగుళ్ళ గురించి తమిళంలో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. లైబ్రరీ తలుపు వేసే వేళకు అక్కడి ఉద్యోగిని నా బల్ల మీది లైటు మాత్రం చివరికి ఆర్పేది. ఇంట్లో మేం మాట్లాడుకునే తెలుగుకు అక్షరాలు ఉంటాయని కూడా నాకు అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక వాచకం చూశాకే తెలిసింది. మీరిప్పుడు చదువుతున్న ఈ అక్షరాలు అట్లా నేర్చుకున్నవే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కాస్త గర్వం కూడా ఉంది.

ఇంజనీరు నా నోటుపుస్తకాలు చూసి తట్ట దించమని, చేతికి టేపు ఇచ్చాడు. ఇల్లు కొనేవాళ్ళు అడిగితే మా ఆఫీసు ఆ ఇల్లు చూసి రిపోర్టు ఇచ్చేది. చూసేదీ రాసేదీ నేను, సంతకం ఆయనది. నా సంచిలో టేపు, నీళ్ళు పోసి మట్టం చూసే ట్యూబు, తూకం గుండు, చిన్న సుత్తి, టార్చి ఉండేవి. ఆ సంచి భుజానికి తగిలించుకుని మోపెడ్ మీద సత్రపట్టి నుంచి మంసాపురం దాకా నేను తిరగని దోవ లేదు. దారిలో ఏ ఇల్లు కనిపించినా గోడ నిలువు సరిగ్గా ఉందా అని కన్ను దానంతట అదే కొలిచేది. ఇప్పటికీ కొలుస్తుంది.

ఆఫీసు పనుల్లో ఒక కొత్తనారు ఉండేవాడు. మేస్త్రీని మా ఊళ్ళో అట్లా అంటారు. నాకంటే పదేళ్ళు పెద్ద. వేలిముద్ర తప్ప సంతకం రాదు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏం లైబ్రరీ, ఈ గోడ గురించి బుక్కులో ఏమి రాసుండాది?" అనేవాడు. నేను చెబితే చివరిదాకా విని, "సరిగానే రాసినాడు, పావం," అని బుక్కు రాసినవాడి మీద జాలిపడేవాడు.

ఒక రోజు నేను చూడబోయిన ఇల్లు సత్రపట్టి దోవలో, సగం ప్లాట్లుగా మారిపోయిన మామిడి తోపులో ఉంది. అమ్ముతున్నది ఒక పెద్దాయన. తాతల నాటి నుంచి వ్యవసాయం చేసిన కుటుంబం. కొంటున్నది నేతపని చేసే ఒక భార్యాభర్త. ఆమె పని వదిలి రాలేక భర్తను పంపింది. ఆయన మాట్లాడితే నోరు అరుగుతుందేమో అన్నట్టు ఉండే మనిషి. నేను ఇల్లంతా తిరిగినంతసేపూ వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

ఇల్లు బాగుంది. ముందు పెద్ద హాలు, దాని పక్కన రెండు చిన్న గదులు, వంటిల్లు. వాటికి వెనక, చాలా ఏళ్ళ తర్వాత కట్టిన పొడవాటి గది ఒకటి. పైన రేకులు. పశువుల దాణా మూటలు వేసుకోవడానికి కట్టారట. పాత గోడా కొత్త గోడా కలిసేచోట నిలువునా వెంట్రుకంత పగులు ఉంది. పాత కట్టడాన్నీ కొత్తదాన్నీ అతికిన చోట అట్లాంటి పగులు సహజమని పుస్తకంలో చదివాను. ఛాతీ ఎత్తున కొలిచి, భయం లేదని రాసుకున్నాను. పైన అటక నిండా మూటలు ఉన్నాయి. వాటిని దించమని పెద్దవాళ్ళకు చెప్పడం మర్యాద కాదనిపించింది.

ఆ గది వెనక గోడకు బయటివైపు, నేల దగ్గర, ఇటుకలతో కట్టిన చిన్న గూడు ఉంది. లోపల మసిపట్టిన ప్రమిద. పక్కన వాడిపోని మల్లెపూలు. ఆ ఇంటి దేవతో, ఆ ఇంట్లో చిన్న వయసులో పోయినవాళ్ళో అనుకున్నాను. మా వైపు అట్లాంటివి అడగరు. చెప్పులు విప్పి దండం పెట్టి, సుత్తితో ఆ గోడను కొట్టకుండానే ఇవతలికి వచ్చేశాను. పెద్దాయన అది చూశాడు. తర్వాత ఆయనే స్వయంగా మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

ఇంకొకటి కూడా చూశాను. ఇంటి వెనక నుంచి తోపులోకి ఒక రాతి కాలువ పోతోంది. ఎండిపోయి, ఆకులతో నిండి ఉంది. ట్యూబు పెట్టి వాలు చూశాను. ఇంటి వైపు ఎత్తు, తోపు వైపు పల్లం. "వాన నీరు ఇంటి నుంచి దూరంగా పోయే వసతి బాగుంది" అని రాశాను. ఈ వాక్యం తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగు పేజీల రిపోర్టు ఇంజనీరుకు నచ్చింది. "చదువుకున్నోడు రాసినట్ల ఉండాదే," అని సంతకం పెట్టాడు. ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

రిజిస్ట్రేషను ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర కొత్తనారు కనబడ్డాడు.

"రేపు మధ్యాన్నం నుంచి నాకు సత్రపట్టి దోవలో పని. నువ్వు చూసిన ఇల్లే, లైబ్రరీ. ఆ వెనక రూములో తరికి బెడ్డు పోసేది."

తరి అంటే మగ్గం. పవర్‌లూమ్.

"మగ్గాలా? ఎన్ని?"

"నాలుగు. ఆ అమ్మకు రెండు ఉండాయి, ఇంకో రెండు మాట్లాడినాది. అద్దె షెడ్డోడు పొమ్మన్నాడంట. అందుకే గదా ఇల్లు కొనేది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే ఆ మగ్గాలు ఆడుతుంటే పక్కన నిలబడ్డవాళ్ళ పళ్ళు అదురుతాయి. నాలుగు మగ్గాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేలను గుద్దుతూనే ఉంటాయి. నేను చూసిన గది దాణా మూటలకు సరిపోయే గది.

"నేల గట్టిదే. ఎర్రమట్టి," అన్నాను, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు.

కొత్తనారు టీ ఊదుకుంటూ అడిగాడు. "అది తోపు గదా. ఆ మామిడి చెట్లకు మా నాయన వయసుంటాది. నీళ్ళు యాడనుంచి పోసినారు?"

"బోరు ఉంది."

"బోరు మొన్న వచ్చింది. చెట్లు నాటినప్పుడు?"

నా చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"బావి యాడ ఉండాది, లైబ్రరీ?"

రాతి కాలువ కళ్ళ ముందు కదిలింది. ఇంటి వైపు ఎత్తు, తోపు వైపు పల్లం. నీళ్ళు ఇంటి వెనక మొదలై చెట్లకు పారేవి. వాలు నేనే కొలిచాను, మట్టం తప్పకుండా కొలిచాను. ఆ కాలువ మొదలయ్యే చోట ఏముందని మాత్రం చూడలేదు. అక్కడ ఆ గది ఉంది. గది వెనక దీపం ఉంది.

ఇంజనీరుకు ఫోను చేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "సంతకం పడిపోయినాది. ఊహ మీద నేను మార్చలేను. పోయి చూసి చెప్పు," అన్నాడు.

తెల్లవారగానే కొత్తనారును మోపెడ్ వెనక ఎక్కించుకుని బయల్దేరాను. గడ్డపార అడ్డంగా పట్టుకుని కూర్చున్నాడు. ఎదురొచ్చే టౌన్ బస్సులు మాకు దోవ ఇచ్చాయి. పెద్దాయన అప్పటికే స్నానం చేసి, రిజిస్ట్రేషనుకని తెల్ల వేష్టి కట్టుకుని ఉన్నాడు.

"ఏం తంబీ, ఈడికి వచ్చినావు? ఆఫీసులో గదా కలిసేది?"

"అయ్యా, ఒకటి అడగాల. వెనకాల దీపం ఎవరికి పెడతారు?"

ఆయన నన్నూ గడ్డపారనూ మార్చి మార్చి చూశాడు.

"ఆ పొద్దు చెప్పులు ఇడిసి దండం పెడితివి. ఈ పొద్దు అడగతావా?"

"అడగాల్సిందే అయ్యా."

"బావికి," అన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "పొద్దున్నే ఆ మాట ఏమిటికి ఎత్తుతారు?"

పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. ఆ బావి వాళ్ళ నాయన తవ్వించాడట. చుట్టూ బోర్లు వచ్చాక ఊట తగ్గి, తగ్గి, ఒక ఏడాది అడుగున బురద మాత్రం మిగిలింది. ఒక దూడ పడి చచ్చిపోయింది. మట్టి, విరిగిన ఇటుకలు, తోపులో నరికిన మొద్దులు అన్నీ వేసి పూడ్చేశారు.

"మూసిన బావి పేరు మేము ఎత్తము తంబీ. పోయినోళ్ళ మాదిరి. శుక్రవారం దీపం పెడతాము, అంతే. నేను దాచలేదు. నువ్వు అడగలేదు."

అది నిజం. ఆయన మాటలో తప్పు వెదకడానికి నాకు ఏమీ దొరకలేదు.

ఆయన అనుమతితోనే వెనక గది మూలలో సిమెంటు కొంచెం పగలగొట్టాం. కొత్తనారు గడ్డపార దింపాడు. మొదటి అడుగు కష్టంగా దిగింది. ఆ తర్వాత వేడి అన్నంలో గరిటె దిగినట్టు దిగిపోయింది. అటక మీది మూటలు దించి పగులు చూశాను. కింద వెంట్రుకంత ఉన్నది పైన నా చిటికెన వేలు పట్టేంత ఉంది. గది మెల్లగా వెనక్కి వాలుతోంది. మూటలకే ఇంత. మగ్గాలకు ఎన్ని నెలలు నిలిచేదో నేను చెప్పలేను. కూలేనాడు ఆ గదిలో ఎవరుండేవారో కూడా.

కొత్తనారు ఆ రోజు నన్ను ఎగతాళి చేయలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తన పాటికి తాను ముందువైపు పోయి, హాలు మెట్ల పక్కన గడ్డపార వేశాడు. ఖంగుమంది. నాలుగు చోట్ల వేశాడు. నాలుగు చోట్లా అదే శబ్దం.

"ఆ అమ్మకు నువ్వే చెప్పు తంబీ. నా నోట రాదు," అన్నాడు పెద్దాయన.

మేం ముగ్గురం చేరేసరికి రిజిస్టర్ ఆఫీసు ముందు రేకుల పందిరిలో పత్రం రాసే ఆయన కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. కొంటున్న ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. కొత్త చీర కట్టుకుని, మా రిపోర్టు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒడిలో పట్టుకుని ఉంది. భర్త పక్కన నిలబడ్డాడు. నేను దాచకుండా చెప్పాను. గది కింద బావి ఉంది, చెప్పులు విప్పి దీపానికి దండం పెట్టి వచ్చానే కానీ నేను కనుక్కోలేదు, ఆ గదిలో మగ్గాలు పెట్టకూడదు.

ఆమె కవరు పైకెత్తింది. "అన్నా, ఈ కాయితం రాసింది నువ్వే గదా?"

"నేనే అక్కా."

"దీన్ని నమ్మి నెలాఖరుకు షెడ్డు ఇడుస్తామని చెప్పేసినాను. ఇప్పుడు తరులు యాడ దించేది? నీ లైబ్రరీలోనా?"

ఆ పేరు ఆమెదాకా ఎట్లా చేరిందో తెలుసుకోవడానికి కొత్తనారు వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఆమె కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత గొంతు మారింది. పనిచేసే మనిషి గొంతు.

"సరి. వెనక రూము కాదు. ఇంట్లో ఇంకెక్కడైనా తరి నిలస్తాదా, నిలవదా? అది చెప్పు ముందు."

"ముందర హాలు," అన్నాడు కొత్తనారు. "పార దిగలేదమ్మా. రాయి మాదిరి ఉండాది."

పక్కనే నిలబడ్డ పెద్దాయన అందుకున్నాడు. "ఎట్ల దిగుతాది? అది మా కళ్ళం. మా తాత కాలం నుంచి ఎద్దులు తొక్కిన నేల. వడ్లు, చోళాలు ఎన్ని నూర్చినామో. ఇల్లు దాని మీదనే కట్టినాము."

"హాల్లో తరి పెడితే మేము యాడ పండుకునేది?" అంది ఆమె.

భర్త మొదటిసారి మాట్లాడాడు. "తరి పక్కన. ఇప్పుడు మాత్రం యాడ పండుకుంటా ఉండాము?"

ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. పందిట్లో ఉన్న అందరం నవ్వాం.

ధర సంగతి ఆ దంపతులూ పెద్దాయనా పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. నాకు అనవసరం. మగ్గాలు హాల్లో దిగాయి. వెనక గదిని నెల తిరక్కుండానే కొత్తనారు విప్పేసి ఖాళీ స్థలం చేశాడు. ఆ తర్వాత నేను లైబ్రరీలో చాలా వెదికాను. పూడ్చిన నేల గురించి ఉంది, నల్లరేగడి గురించి ఉంది, కంపనాల గురించి అధ్యాయాలే ఉన్నాయి. పరాయివాళ్ళ ఇంట్లో దీపం కనబడితే ఎవరికని అడగమని ఎక్కడా లేదు. పుస్తకాల తప్పు కాదు. అవి మా తోపుల్లో తిరిగినవాళ్ళు రాసినవి కావు. మా తోపుల్లో తిరిగినవాడు అడగాలి, రాయాలి.

కాబట్టి పిల్లలూ, పట్టా చూడండి, విల్లంగం సర్టిఫికెట్టు, అదే ఈసీ, చూడండి. ఆ నేల ఎవరెవరి చేతులు మారిందో అవి చెబుతాయి. ఇల్లు కట్టకముందు ఆ నేల మీద ఏముండేదో చెప్పవు. అది ఆ ఇంటి పెద్దవాళ్ళను, పక్క తోటవాళ్ళను, వీలైతే ఆ ఊళ్ళో ఎద్దులు తోలిన ముసలాయనను అడగాలి. మీరు ఆ ఇంట్లో ఏం చేయబోతున్నారో ఇల్లు చూడటానికి వచ్చినవాడికి చెప్పాలి. వాడు అడగకపోయినా చెప్పండి. నా మాదిరి మర్యాదస్తుడైతే అడగడు.

ఆ రోజు అంతటితో అయిపోలేదు. పత్రం చదివి వినిపిస్తుండగా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బావి సంగతి రాలేదే?"

పత్రం రాసే ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏ బావి, అమ్మా? మూసేసినారు గదా. లేని బావిని ఎట్ల రాసేది?"

"లేకపోయేది ఏమి? నిండా మన్ను పోసినారు, అంతే గదా. రేపు నా తర్వాత ఇంకొకరు కొంటారు. అప్పుడు గూడా ఇట్లాంటి అన్న ఒకడు వస్తాడు, చెప్పులు ఇడిసి దండం పెట్టి పోతాడు. రాస్తేనే నేను సంతకం పెట్టేది."

పత్రం రాసే ఆయన పెద్దాయన వైపు చూశాడు. అమ్మేవాడు ఒప్పుకోవాలి. మూసిన బావి పేరు ఎత్తని ఇంటి మనిషి ఆయన. వేష్టి అంచు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"రాయి," అన్నాడు.

"కొలతలు?"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "తూర్పు పడమర ఇరవై నాలుగు అడుగులు. ఉత్తరం దక్షిణం ఇరవై రెండు. లోతు అరవై. దక్షిణం పక్క మెట్లు. పన్నెండో మెట్టు విరిగి ఉంటాది, పిలకాయలుగా మేము ఆడ నుంచే దూకేది." ఆయన చెబుతూ పోయాడు. పత్రం రాసే ఆయన కలం కావలసినవి పట్టుకుని తక్కినవి వదిలేస్తూ నడిచింది. చివర కళ్ళు తెరిచి అన్నాడు. "తియ్యటి నీళ్ళు. అది గూడా రాయి."

"అయ్యా, పత్రంలో రుచికి చోటు లేదు."

"నా కాయితంలో ఉంటుందయ్యా," అన్నాను నేను.

మధ్యాన్నం ఆఫీసుకు పోయి రిపోర్టు మళ్ళీ రాశాను. బావి ఉన్న చోటు, కొలతలు, పగులు, వెనక గది వాడకూడదన్న సంగతి, హాలు కింది నేల. అన్నీ అయ్యాక ఆఖరి వాక్యంగా, "ఈ బావి నీరు తియ్యగా ఉండేదని యజమాని చెప్పారు" అని చేర్చాను. ఇంజనీరు ఎర్ర సిరా పెన్ను చేతిలో పట్టుకుని చదివాడు. పై పేజీల్లో ఎన్నో కొట్టేశాడు. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ఎర్ర పెన్ను మూత పెట్టి, నీలం పెన్ను తీసి, కింద సంతకం పెట్టాడు.